ఇంజన్ ఇంకా నడుస్తుండగానే

మా ఊరు నారాయణఖేడ్. సంగారెడ్డి జిల్లాలో ఒక చివర, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉంటుంది. సరిహద్దు దాటితే బీదర్. అక్కడ వైమానిక దళం స్టేషన్ ఉంది. అందుకే మా దగ్గరి పిల్లలకు విమానం అంటే ప్రయాణికుల విమానం కాదు, చెవులు గుయ్యిమనేలా తల మీద నుంచి దూసుకుపోయే చిన్న జెట్. కంది చేలో కలుపు తీసేవాళ్లు కూడా ఒక్క నిమిషం నడుము నిలబెట్టి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి మళ్లీ పనిలోకి వంగుతారు. ఆ విమానం పేరు హాక్ అని నాకు ఎనిమిదో తరగతిలో తెలిసింది. హాక్ అంటే డేగ.

ఈసారి మ్యాగజైన్ కోసం సీనియర్లు ఒక్కొక్కరినీ ఒక పాత కాలపు మనిషి జీవితం గురించి రాయమన్నారు. అందరూ కవుల పేర్లు, సైంటిస్టుల పేర్లు తీసేసుకున్నారు. నేను లేటు. ఏం దొరకక, మా ఊరి మీద ఎగిరే హాక్ విమానాన్ని మొదట ఎవరు తయారుచేశారో వెతికాను. హాకర్ సిడ్లీ అనే బ్రిటిష్ కంపెనీ అని వచ్చింది. నాకు తెలిసిన హాకర్లు ఖేడ్ బస్టాండులో బస్సు కిటికీల దగ్గరికి వచ్చి పల్లీలు, జామకాయలు అమ్మేవాళ్లు. విమానాల కంపెనీకి ఈ పేరేంది అనుకున్నాను. తీరా చూస్తే అది ఒక మనిషి ఇంటిపేరు. హ్యారీ జార్జ్ హాకర్. చనిపోయి వందేళ్లు దాటింది.

ఆర్టికల్ కోసం చదవడం మొదలుపెట్టాను. కానీ ఆయన జీవితంలో ఒక రాత్రి దగ్గరికి వచ్చేసరికి నా సంగతి కూడా రాయక తప్పదు అనిపించింది. నేను పూర్తిగా ఇంగ్లీష్ మీడియం. తెలుగులో తప్పులుంటే మన్నించండి.

కమ్మరి కొడుకు

హ్యారీ హాకర్ 1889 జనవరి 22న ఆస్ట్రేలియాలో, మెల్‌బోర్న్ నగరానికి దగ్గర్లోని సౌత్ బ్రైటన్‌లో పుట్టాడు. ఆ చోటును ఇప్పుడు మూరాబిన్ అంటున్నారు. తండ్రి కమ్మరి పని చేసేవాడు. ఇంట్లో కొలిమి, సుత్తి, ఇనుము. హ్యారీకి చదువు అబ్బలేదు. పన్నెండేళ్ల వయసుకే బడి మానేసి, సైకిళ్లు, మోటార్లు చేసే ఒక షాపులో పనికి కుదిరాడు. వారానికి ఐదు షిల్లింగుల జీతం. అక్కడ ఇంజన్లు విప్పడం, బిగించడం నేర్చుకున్నాడు. తర్వాత టారంట్ అనే మోటారు కంపెనీలో, ఆ తర్వాత కారముట్ అనే పల్లెలో ఒక భూస్వామి దగ్గరున్న కార్లు చూసుకునే మెకానిక్‌గా పనిచేశాడు.

ఇక్కడే నాకు ఈయన మీద ఇష్టం మొదలైంది. మా నాయిన ట్రాక్టర్ మెకానిక్. ఖేడ్‌లో రోడ్డు పక్కన రేకుల షెడ్డు. ఆయన కూడా ఏడో తరగతి దాటలేదు. కానీ ట్రాక్టర్ ఇంకా మలుపు దగ్గర ఉండగానే, చప్పుడు విని దాని రోగం ఏందో చెప్తడు. హాకర్ కూడా అట్లాంటి చెవి ఉన్న మనిషే అయ్యుంటాడు అనుకున్నాను.

1910లో ఆస్ట్రేలియాలో విమాన ప్రదర్శనలు జరిగాయి. మెల్‌బోర్న్ దగ్గర డిగ్గర్స్ రెస్ట్ అనే చోట ఎగిరినవాళ్లలో ఇంద్రజాలికుడు హూడినీ కూడా ఉన్నాడు. ఆ ప్రదర్శనలు చూశాక హాకర్‌కు కార్లు చాలలేదు. ఆస్ట్రేలియాలో విమానాల పని లేదు. అందుకని దాచుకున్న డబ్బుతో 1911లో స్నేహితులతో కలిసి ఓడెక్కి ఇంగ్లండ్ పోయాడు. అక్కడ కూడా ఎవరూ పిలిచి ఉద్యోగం ఇవ్వలేదు. ఒక ఏడాది కార్ల కంపెనీల్లోనే పనిచేశాడు. అతనితో వచ్చిన హ్యారీ కాపర్ అనే స్నేహితుడు ముందుగా సాప్‌విత్ విమానాల కంపెనీలో చేరి, తర్వాత ఇతన్ని కూడా చేర్పించాడు. అది 1912 జూన్. ఇప్పటి మన భాషలో రిఫరల్ అన్నమాట.

మెకానిక్‌గా చేరిన మనిషి వెంటనే ఎగరడం నేర్చుకుంటానని అడిగాడు. కొన్ని పాఠాలకే ఒంటరిగా ఎగిరాడు. సెప్టెంబరులో లైసెన్సు వచ్చింది, నంబరు 297. అక్టోబరు 24న ఆగకుండా 8 గంటల 23 నిమిషాలు ఎగిరి మిషెలిన్ కప్పు గెలిచాడు. నాలుగు నెలల్లో ఇదంతా. నాకు నాలుగు నెలల్లో ఒక సెమిస్టర్ సిలబస్ పూర్తి కావట్లేదు.

పడటం నేర్చుకున్న మనిషి

మరుసటి సంవత్సరం హాకర్ 11,450 అడుగుల ఎత్తుకు ఎగిరి బ్రిటిష్ రికార్డు పెట్టాడు. అదే 1913 ఆగస్టులో డెయిలీ మెయిల్ పత్రిక ఒక పోటీ పెట్టింది. నీటి మీద దిగే విమానంలో బ్రిటన్ చుట్టూ తిరిగి రావాలి. బహుమతి 5,000 పౌండ్లు. హాకర్, కాపర్ ఇద్దరూ బయలుదేరి వెయ్యి మైళ్లకు పైగా పోయారు. ఐర్లండ్‌లో డబ్లిన్ దగ్గర ఇంజన్ సరిచూసుకుందామని కిందికి దిగుతుంటే, హాకర్ కాలు రడ్డర్ బారు మీద నుంచి జారింది. విమానం నీళ్లలో పడింది. కాపర్ చెయ్యి విరిగింది. హాకర్‌కు ఏమీ కాలేదు. పత్రిక వాళ్లు ఓదార్పుగా 1,000 పౌండ్లు ఇచ్చారు. ఇంత చేసి చివర్లో కాలు జారడం ఏందని బాధ కలుగుతుంది. కానీ అతను మళ్లీ పనిలో పడిపోయాడు. టాబ్లాయిడ్ అనే చిన్న, వేగమైన విమానం తయారీలో అతని చెయ్యి ఉంది.

1914లో జరిగిన ఇంకో సంగతి సీఎస్ఈ వాళ్లకు నచ్చుతుంది. ఆ రోజుల్లో విమానం గిర్రున తిరుగుతూ కింద పడటాన్ని స్పిన్ అనేవారు. అందులో పడ్డవాళ్లు సాధారణంగా బతికేవాళ్లు కాదు, ఎలా బయటపడాలో ఎవరికీ సరిగా తెలియదు. హాకర్ బ్రూక్‌లాండ్స్ దగ్గర ఒకసారి అలాగే తిరుగుతూ చెట్ల మీద పడ్డాడు. అదృష్టం కొద్దీ దెబ్బలు తగల్లేదు. ఇంకొకరైతే మళ్లీ దాని జోలికి పోరు. ఇతను మళ్లీ పైకి పోయి, కావాలని స్పిన్‌లో పడి, దాంట్లో నుంచి బయటికి వచ్చి చూపించాడు. మనం బగ్‌ను పట్టుకోవాలంటే ముందు దాన్ని మళ్లీ రప్పించాలి కదా. అదే పని ప్రాణం పణంగా పెట్టి చేశాడు.

మొదటి ప్రపంచ యుద్ధం అంతా సాప్‌విత్ కంపెనీకి ముఖ్య టెస్ట్ పైలట్‌గా ఉన్నాడు. పప్, ట్రిప్లేన్, కేమెల్ అనే ప్రసిద్ధ యుద్ధవిమానాలను ముందుగా ఎగిరించి చూసింది ఇతనే. 1917 నవంబరులో మ్యూరియల్ అనే ఆమెను పెళ్లి చేసుకున్నాడు. ఆమె పేరు గుర్తుంచుకోండి. ఈ కథలో సగం ఆమెది.

ఎర్ర గీత

యుద్ధం ఆగింది. విమానాలతో ఏం చేయాలో తెలియని సంవత్సరం 1919. డెయిలీ మెయిల్ మళ్లీ బహుమతి ప్రకటించింది. 72 గంటల లోపల అట్లాంటిక్ సముద్రాన్ని విమానంలో దాటినవాళ్లకు 10,000 పౌండ్లు. అప్పటిదాకా ఎవరూ దాటలేదు. ఉత్తర అమెరికా తూర్పున ఉన్న న్యూఫౌండ్‌లాండ్ నుంచి ఐర్లండ్ దాకా సుమారు 3,000 కిలోమీటర్ల నీళ్లు.

హాకర్, అతని నావిగేటర్ కెన్నెత్ మెకెంజీ-గ్రీవ్ ఇద్దరూ సాప్‌విత్ అట్లాంటిక్ అనే విమానంతో న్యూఫౌండ్‌లాండ్ చేరారు. ఒకే ఇంజన్, రోల్స్ రాయిస్ ఈగిల్. ఆ ఒక్కటి ఆగితే ఇంకేమీ లేదు. కానీ పిచ్చి ధైర్యంతో పోలేదు వాళ్లు. విమానం వెనక భాగం పైకప్పును చిన్న పడవలాగా చేయించారు, అవసరమైతే ఊడదీసి నీళ్లలో వేసుకోవచ్చు. గాల్లోకి లేచాక చక్రాలను వదిలేసే ఏర్పాటు కూడా ఉంది. చక్రాలు లేకపోతే బరువు తగ్గి వేగం పెరుగుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. సముద్రంలో దిగాల్సి వస్తే చక్రాలు నీళ్లకు తగులుకుని విమానం పల్టీ కొట్టే ప్రమాదం ఉంటుంది. అవి లేకపోతే పొట్ట మీద జారుతూ ఆగుతుంది.

వాతావరణం బాగాలేక వారాల తరబడి అక్కడే కూర్చోవాల్సి వచ్చింది. ఈలోపు అమెరికా నేవీ వాళ్ల పెద్ద నీటి విమానాలు ఇంకో దారిలో, మధ్య మధ్య ఆగుతూ బయలుదేరాయి. వాళ్ల దారి పొడవునా సుమారు 50 మైళ్లకు ఒకటి చొప్పున యుద్ధనౌకలు నిలబడ్డాయి. అందులో ఒక విమానం అజోర్స్ దీవులు చేరిందని తెలియగానే హాకర్ ఇక ఆగలేదు. మే 18 మధ్యాహ్నం మౌంట్ పెర్ల్ దగ్గర ఒక పొలం నుంచి లేచాడు. చక్రాలు వదిలేశాడు. ఇక వెనక్కి వచ్చినా మామూలుగా దిగడం కుదరదు. అదే రోజు పోటీలో ఉన్న రేనమ్, మోర్గన్‌ల విమానం లేచేటప్పుడే కూలిపోయింది.

మొదటి కొన్ని గంటలు బాగానే నడిచింది. తర్వాత మేఘాలు, వాన. గ్రీవ్‌కు నక్షత్రాలు సరిగా కనపడక దారి లెక్క కష్టమైంది. అప్పుడు హాకర్ మీటర్ చూశాడు. ఇంజన్ చుట్టూ తిరిగే నీళ్ల వేడి పెరుగుతోంది.

ఈ ముక్క మాత్రం నాకు పుస్తకం చదవకపోయినా అర్థమయ్యేది. నీళ్లతో చల్లబడే ఇంజన్ ఏదైనా ఒకటే. నీళ్లు ఇంజన్‌లో వేడిని తీసుకుని రేడియేటర్‌కు పోవాలి, అక్కడ చల్లబడి తిరిగి రావాలి. ఆ దారిలో ఒక జాలీ ఉంటే, చెత్త వచ్చి దానికి పట్టుకుంటుంది. తుప్పు ముక్కో, టంకం ముక్కో చాలు. నీళ్లు తిరగవు, మరుగుతాయి, ఆవిరై పోతాయి. కంది నూర్పిళ్లప్పుడు మా నాయిన షెడ్డుకు రోజుకొక ట్రాక్టర్ ఇట్లాగే వస్తుంది. అక్కడ పొట్టు బయటి నుంచి రేడియేటర్‌కు పట్టి గాలి ఆడదు, హాకర్‌కు లోపల నుంచి నీళ్లు ఆడలేదు. ఫలితం ఒకటే. నాయిన అందరికీ ఒకటే చెప్తడు. మీటర్ ముల్లు ఎర్ర గీత దాటకముందే బండి పక్కకు తీయాలి. దాటినంక తీస్తే అది ట్రాక్టర్ కాదు, ఇనుము.

కానీ అట్లాంటిక్ మీద పక్కకు తీయడానికి రోడ్డు ఎక్కడుంది?

హాకర్ ముందు చేయగలిగింది చేశాడు. ఇంజన్ ఆపి, ముక్కు కిందికి వంచి వేగంగా దిగాడు, ఆ ఊపుకు చెత్త కదులుతుందని. ఒకసారి కొంచెం నయమైంది. మళ్లీ పట్టేసింది. మేఘాల పైకి పోదామంటే ఇంజన్‌ను గట్టిగా నడపాలి, వేడి ఇంకా పెరుగుతుంది. కిందనే ఉందామంటే తుఫాను. రాత్రంతా అట్లాగే లాక్కొచ్చాడు.

తెల్లారేసరికి లెక్క స్పష్టంగా తెలిసింది. ఐర్లండ్ దాకా నీళ్లు చాలవు. కానీ ఇంజన్ ఇంకా నడుస్తోంది. చాలామంది ఏం చేస్తారు? ఇంకో గంట చూద్దాం అంటారు. సగానికి పైగా వచ్చేశాం, బహుమతి ముందుంది, ఏమో ఏదో ఒకటి జరిగి పోతామేమో అంటారు. హాకర్ అలా అనుకోలేదు. ఇంజన్‌లో శక్తి ఉండగానే దారి మార్చి, ఓడలు తిరిగే మార్గం వైపు తిప్పాడు. ఇంటి వైపు పోవడం ఆపేసి, మనుషులు ఉండే వైపు పోయాడు. చాలాసేపు అటూ ఇటూ తిరుగుతూ వెతికాడు. పొగమంచులో నుంచి ఒక చిన్న ఓడ కనపడింది. డెన్మార్క్ సరుకుల ఓడ, పేరు మేరీ. దాని మీదుగా తిరిగి సిగ్నల్ బాణాలు కాల్చారు. ఓడ వాళ్లు చూశారని నమ్మకం కుదిరాక, దాని దారిలోనే ముందుకు పోయి సముద్రం మీద దిగాడు.

లేచి పద్నాలుగున్నర గంటలైంది. సముద్రం ఎగిసిపడుతోంది. విమానం మునగకుండా తేలింది. వెనక ఉన్న చిన్న పడవ పనికొచ్చింది. ఓడ నుంచి పడవ దించి వాళ్లను చేరడానికి గంటకు పైగా పట్టింది. ఇద్దరికీ ఏ దెబ్బా లేదు.

ఏడు రోజులు

మేరీ ఓడలో వైర్‌లెస్ లేదు.

ఈ ఒక్క వాక్యం దగ్గర నేను చదవడం ఆపేసి ఫోన్ బల్ల మీద పెట్టేశాను. మనుషులు బతికే ఉన్నారు, వెచ్చని దుప్పట్లో ఉన్నారు, అన్నం తింటున్నారు. కానీ ఆ విషయం చెప్పే మార్గం లేదు. లండన్‌లో మే 19 గడిచింది, 20 గడిచింది. వెతకడానికి పోయిన ఓడలకు ఏమీ దొరకలేదు. పత్రికలు ఆశ వదిలేశాయి. రాజు ఐదవ జార్జ్ మ్యూరియల్‌కు సంతాప సందేశం పంపాడు. డెయిలీ మెయిల్ యజమాని నార్త్‌క్లిఫ్ ఆమెను, బిడ్డను ఆదుకుంటానని మాట ఇచ్చాడు. అందరూ ఆమె భర్త పోయాడనే మాట్లాడుతున్నారు. ఆమె మాత్రం ఒప్పుకోలేదు. వస్తాడు అనే కూర్చుంది. ఒడిలో ఏడాది కూడా నిండని కూతురు.

ఇప్పుడు నా సంగతి. మా 2-1 రిజల్ట్స్ వచ్చిన రోజు నాకు మూడు సబ్జెక్టులు పోయినయి. డేటా స్ట్రక్చర్స్ కూడా పోయింది, అదీ సీఎస్ఈ వాడికి. ఖేడ్‌లో మా గల్లీ మొత్తంలో ఇంజనీరింగ్ సీటు వచ్చింది నాకొక్కడికే. నాయిన షెడ్డుకు వచ్చిన ప్రతి రైతుకూ ఆ మాట చెప్పిండు. ఆ రోజు సాయంత్రం నేను ఫోన్ స్విచాఫ్ చేసి, హైదరాబాద్‌లో ఒక ఫ్రెండ్ రూమ్‌కు పోయి పడుకున్నాను. మూడు రోజులు. నేను బాగానే ఉన్నాను, తింటున్నాను, సిరీస్ కూడా చూశాను. అమ్మకు మాత్రం నేను ఏమయ్యానో తెలియదు. పక్కింటివాళ్లు పేపర్లో వచ్చే వార్తల గురించి తలా ఒక మాట అన్నారట. అమ్మ వాళ్లకు టీ పోసి, నా బిడ్డ ఫోన్ చెడిపోయి ఉంటది, చేస్తడు అని చెప్పిందట. రాత్రిళ్లు మాత్రం వాకిట్లోనే కూర్చుందట. ఇవన్నీ నాకు తర్వాత చెల్లె చెప్పింది.

మ్యూరియల్ గురించి చదువుతుంటే నాకు మా అమ్మ కనపడింది. తేడా ఒకటే. హాకర్ దగ్గర వైర్‌లెస్ లేదు. నా దగ్గర ఉంది, నేనే ఆపేశాను.

మే 25, ఆదివారం. మేరీ ఓడ స్కాట్‌లండ్ ఉత్తరాన లూయిస్ దీవి కొసకు దగ్గరగా వచ్చింది. అక్కడ తీరం మీద ఓడలను గమనించే స్టేషన్ ఉంది. ఓడ మీద రంగు రంగుల జెండాలు ఎక్కాయి. అప్పట్లో ఒక్కో జెండాకు ఒక్కో అర్థం. మనుషులను కాపాడాం, సాప్‌విత్ విమానం వాళ్లు అని ఆ జెండాలు చెప్పాయి. హాకరేనా అని తీరం నుంచి అడిగారు. అవునని జవాబు వచ్చింది. అక్కడి నుంచి తంతి మీద వార్త దేశమంతా పాకింది. ఆ వారం రోజుల తర్వాత మ్యూరియల్‌కు ఆ మాట చేరినప్పుడు ఎలా ఉండి ఉంటుందో నేను రాయలేను. నావల్ల కాదు.

నేవీ వాళ్లు ఎదురువెళ్లి యుద్ధనౌకలో తీసుకొచ్చారు. లండన్ స్టేషన్ దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. ఆస్ట్రేలియా సైనికులైతే వాళ్ల ఊరి పిల్లవాణ్ణి చూసి ఆగలేకపోయారు. గమ్యం చేరని మనిషికి అంత స్వాగతం. రాజు ఎయిర్ ఫోర్స్ క్రాస్ ఇచ్చాడు. డెయిలీ మెయిల్ 5,000 పౌండ్లు ఇచ్చింది. సముద్రం మీద తేలుతున్న విమానాన్ని కూడా ఒక అమెరికా ఓడ పట్టి తెచ్చింది. అందులో ఉన్న ఉత్తరాల సంచి తడిసినా దొరికింది. తర్వాత ఆ విమానాన్ని లండన్‌లో సెల్‌ఫ్రిడ్జెస్ దుకాణం మీద జనం చూడటానికి పెట్టారు.

హాకర్‌ను దేవుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. తిరిగి వచ్చాక ఒక విందులో, దారి పొడవునా ఓడలు నిలబెట్టుకున్న అమెరికా వాళ్ల గురించి ఎగతాళిగా మాట్లాడాడు. ఇంజన్ మీద నమ్మకం లేకనే అన్ని ఓడలు అన్న అర్థంలో. చాలామంది తప్పుపట్టారు. నిజమే కదా, అతన్ని బతికించింది కూడా ఒక ఓడే. నెల తిరగకుండానే, జూన్ 15న ఆల్కాక్, బ్రౌన్ అనే ఇద్దరు అదే న్యూఫౌండ్‌లాండ్ నుంచి లేచి ఐర్లండ్‌లో క్లిఫ్డెన్ దగ్గర బురద నేల మీద దిగారు. వాళ్ల విమానానికి రెండు ఇంజన్లు. అవి కూడా రోల్స్ రాయిస్ ఈగిల్ ఇంజన్లే. అంటే హాకర్ ఇంజన్ చెడ్డది కాదు. ఎక్కడో ఒక చిన్న చెత్త ముక్క.

పేరు మిగిలింది

యుద్ధం అయిపోయాక విమానాలు కొనేవాళ్లు లేక 1920లో సాప్‌విత్ కంపెనీ మూసేశారు. అదే ఏడాది నవంబరులో హాకర్, థామస్ సాప్‌విత్, ఫ్రెడ్ సిగ్రిస్ట్ మరికొందరు కలిసి కొత్త కంపెనీ పెట్టారు. దానికి హాకర్ పేరే పెట్టారు. మొదట్లో అది మోటార్ సైకిళ్లు కూడా చేసింది. హాకర్ బ్రూక్‌లాండ్స్‌లో కార్ల పందేలకు కూడా పోయేవాడు.

1921 జూలై 12. లండన్ దగ్గర హెండన్‌లో ఏరియల్ డెర్బీ పందెం కోసం ప్రాక్టీసు చేయడానికి గోస్‌హాక్ అనే విమానంలో లేచాడు. అది కూడా డేగ పేరే. కొద్దిసేపటికే విమానం కూలి చనిపోయాడు. వయసు 32. డాక్టర్లు చూస్తే వెన్నెముకకు టీబీ ఉంది. గాల్లో ఉండగా అక్కడ రక్తస్రావం జరిగి శరీరం పట్టు తప్పి ఉంటుందని తేల్చారు. ఇంజన్ వేడెక్కితే మీటర్ చెప్పింది. వెన్ను గురించి చెప్పే మీటర్ ఏదీ లేకపోయింది. మరుసటి ఏడాది మ్యూరియల్ భర్త జీవితాన్ని తనే ఒక పుస్తకంగా రాసింది.

పేరు మాత్రం ఆగలేదు. హాకర్ హరికేన్ రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌ను కాపాడిన విమానాల్లో ఒకటి. మన వైమానిక దళం కూడా బర్మా వైపు దాన్ని నడిపింది. 1971లో రాజస్థాన్‌లోని లోంగేవాలా దగ్గర పాకిస్తాన్ ట్యాంకులను ఆపినవి హాకర్ హంటర్లు. అదే యుద్ధంలో విక్రాంత్ నౌక మీద నుంచి లేచి బంగాళాఖాతం మీదుగా పోయినవి సీ హాక్‌లు. తర్వాత విరాట్ మీద సీ హారియర్లు వచ్చాయి. మన విశాఖలోని నేవీ విమాన స్థావరం పేరు ఐఎన్ఎస్ డేగ అని ఈ ఆర్టికల్ రాస్తూనే తెలుసుకున్నాను. అచ్చ తెలుగు పేరు.

ఇక హాక్ శిక్షణ విమానాలు 2008లో బీదర్ వచ్చాయి. తర్వాత చాలావాటిని బెంగళూరులో మన హెచ్ఏఎల్ తయారుచేసింది. సూర్యకిరణ్ జట్టు విన్యాసాలు చేసేది కూడా వాటితోనే. ఆస్ట్రేలియాలో బడి మానేసిన కమ్మరి కొడుకు పేరులోని ముక్క మా కంది చేల మీద నుంచి రోజూ పోతోంది.

మళ్లీ నా దగ్గరికి వస్తే, మూడో రోజు నేను హాస్టల్‌కు తిరిగి వచ్చేసరికి గేటు దగ్గర నాయిన నిలబడి ఉన్నడు. పొద్దున మొదటి బస్సుకే బయలుదేరిండట. చేతిలో జొన్న రొట్టెల టిఫిన్. మార్కుల గురించి ఒక్క మాట అడగలేదు. ఫోన్ చెడిపోయిందా అని అడిగిండు. అవునన్నాను. బాగు చేయించుకొమ్మని జేబులో నుంచి ఐదు వందలు తీసి ఇచ్చిండు. ఆయనకు తెలుసని నాకు తెలుసు. ఆ ఐదు వందలు ఇంకా ఖర్చు పెట్టలేదు.

నిజానికి నా మీటర్ అంతకు చాలా ముందే పైకి పోయింది. మొదటి మిడ్‌లోనే 30కి 9 వచ్చినయి. పాయింటర్లు అర్థం కావట్లేదని నాకు అప్పుడే తెలుసు. అప్పుడు ఇంజన్ ఇంకా నడుస్తుండె. పక్క బెంచీ వాణ్ణి అడగొచ్చు, మేడమ్ రూమ్‌కు పోవచ్చు, ఇంట్లో చెప్పొచ్చు. ఓడలు చుట్టూ ఉన్నాయి. నేను మాత్రం నేరుగా పోతూ ఉన్నాను, ఎండ్ సెమ్‌లో ఏదో ఒకటి జరుగుతుందని. ఇంజన్ ఆగినంక దిగాల్సింది ఎక్కడైనా దిగాల్సిందే.

సప్లిలో రెండు పాసయ్యాను. ఒకటి ఇంకా ఉంది. ఈసారి రెండో వారంలోనే మేడమ్ రూమ్ తలుపు తట్టాను. ఇంటికి కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అమ్మ కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత, తిన్నవా అని అడిగింది.

పోయిన వారం ఇంటికి పోయినప్పుడు షెడ్డు మీద నుంచి రెండు హాక్‌లు పోయాయి. నాయిన పానా చేతిలో పట్టుకుని తలెత్తి చూసిండు. అప్పుడు ఈ కథంతా చెప్పాను. కమ్మరి కొడుకని, మెకానిక్ అని, అట్లాంటిక్ మీద నీళ్లు మరిగిపోయాయని. నాయిన శ్రద్ధగా విని, అంత దూరం పోయేటోళ్లు జాలీ కడుక్కొని పోవద్దా అని అడిగిండు.

కడిగే ఉంటరు నాయినా, అయినా పడుతది అన్నాను.

అవునన్నట్టు తల ఊపి, మళ్లీ ట్రాక్టర్ కిందికి దూరిండు.